భజన గురువు నూరడుగులు

2023 సెప్టెంబరు. కర్నూలు కొత్త బస్టాండు వెనక వీధిలో ఒక ఫిజియోథెరపీ సెంటరు, దాని మేడ మీద నా గది. కీబోర్డు ఒకటి, డోలక్కులు రెండు, తంబురా పెట్టె ఒకటి, గోడకు నిలువుటద్దం. గుమ్మం మీద 'మ్యూజిక్ థెరపీ' అన్న బోర్డు. ఆ బోర్డు చూసి పిల్లల్ని పాటల క్లాసులో చేర్పించడానికి వచ్చేవాళ్లు వారానికి నలుగురైనా ఉండేవాళ్లు. మిగతావాళ్లు అడిగే ప్రశ్న ఒక్కటే: "మేడం, ఏ రాగం వింటే షుగరు తగ్గుతాది?"

ఏ రాగం విన్నా తగ్గదు. పాట మాత్ర కాదు. డాక్టరు ఇచ్చిన మందు డాక్టరు ఇచ్చినట్టే వాడుతూ, నడవలేనివాళ్లకు నడకలో, మాట పడిపోయినవాళ్లకు మాటలో, ఒకచోట కుదురుగా కూర్చోలేని పిల్లలకు ఆ కుదురులో లయనూ పాటనూ ఊతంగా ఇవ్వడమే నా పని. మాది బద్వేలు. కర్ణాటక సంగీతం పదేళ్లు నేర్చుకుని, చెన్నైలో ఈ చదువు చదివి వచ్చాను. వచ్చిన కొత్తలో నాకు తెలియనిది లేదన్నట్టే ఉండేదాన్ని.

ఒక్క విషయంలో మాత్రం నోరు పెగిలేది కాదు. ఫీజు. సెషన్‌కు ఐదు వందలు. అప్పటిదాకా నేను చూసిన ఆరోగ్య కార్డుల్లో ఎక్కడా ఈ చికిత్సకు చోటు లేదు, ప్రతి రూపాయీ ఇంటివాళ్ల జేబులోంచే రావాలి. ఆ మాట చెప్పేటప్పుడు నేను వాళ్ల ముఖం చూడకుండా కీబోర్డు తుడిచేదాన్ని. సూది వేసినందుకు డబ్బు అడగొచ్చు, పాట పాడినందుకు ఎలా అడగడం? ఎవరైనా "తగ్గించండి" అంటే సగానికి దిగేదాన్ని. "ఎక్కువ" అంటే ఇంకా దిగేదాన్ని.

ఆ సెప్టెంబరులో ఒక పొద్దున మెట్ల మీద టకటకా అడుగుల చప్పుడు వినిపించింది. ఎవరో కుర్రవాడు వస్తున్నాడనుకున్నాను. చూస్తే అరవై ఆరేళ్ల పెద్దాయన, తెల్లటి పంచె, భుజానికి గుడ్డసంచి. పైకి ఎక్కాడు, గుమ్మం దాకా వచ్చాడు, అంతే. గుమ్మం ముందు మేకు కొట్టినట్టు ఆగిపోయాడు. పాదాలు వణుకుతున్నాయి కానీ లేవడం లేదు. వెనక వచ్చిన కొడుకు నడుం పట్టుకుని లోపలికి తోస్తే గానీ గది చేరలేదు.

"సూసినావు గదా మేడం," అన్నాడు కొడుకు. పేరు మద్దిలేటి, పత్తికొండ దగ్గర పల్లెలో టమాటా పండిస్తాడు. "మెట్లు ఎక్కేది ఎక్కుతాడు, సమంగా ఉండే నేల మీద నడవడు. నాటకమాడుతాండాడని మా ఇంట్ల ఆడోల్లు గూడా అంటాండారు."

"నాటకం గాదమ్మా," అన్నాడు పెద్దాయన. "కాళ్లు నేలకు కర్సుకుంటాయి. నేను పొమ్మంటా. అవి పోవు."

ఆయన నిజమే చెబుతున్నాడు. ఆయనది పార్కిన్సన్స్ జబ్బు. అందులో ఇలా కాళ్లు ఉన్నట్టుండి బిగుసుకుపోవడాన్ని మేము 'ఫ్రీజింగ్' అంటాం. మనం నడిచేటప్పుడు మెదడు లోపల తనంతట తానే ఒక లెక్క వేస్తూ ఉంటుంది, మనకు తెలియకుండానే. ఈ జబ్బులో ఆ లెక్క బలహీనపడుతుంది. మెట్లయితే ప్రతి మెట్టూ 'ఇక్కడ కాలు పెట్టు' అని కంటికి గుర్తు చెబుతుంది. సమంగా ఉన్న నేల ఏమీ చెప్పదు. ఆ గుర్తును చెవికి చెప్పడమే 'రిథమిక్ ఆడిటరీ స్టిమ్యులేషన్'. అంటే మనిషి నడక వేగానికి తగిన లయ వినిపించి, దెబ్బకొక అడుగు వేయించడం. చెన్నైలో నేను బాగా నేర్చుకున్నది ఇదే. ఆయన పాదాలు చూస్తూనే నాకు చేతులు దురద పెట్టాయి. కేసు నా చేతికే వచ్చింది!

"మీకు ఏం కావాలి?" అని అడిగాను.

"నూరడుగులు," అన్నాడు ఆయన. "శానా ఏం వద్దు. నూరడుగులు నడిపియ్యి."

ఆయన పేరు ఈరన్న. నలభై ఏళ్లుగా చెక్కభజన గురువు. మా సీమలో ఈ ఆట తెలియనివాళ్లు ఉండరు. చేతిలో ఇమిడే రెండు కొయ్య చెక్కలు, వాటికి చిన్న ఇత్తడి బిళ్లలు, అవి గల్లుగల్లుమనిపిస్తూ అడుగులు వేస్తూ దేవుడి పాటలు పాడతారు. ఊరివాళ్లు కలిసి గురువును పిలిపించుకుని నెలల తరబడి నేర్చుకుంటారు. నేర్చుకోవడం పూర్తయ్యాక 'గజ్జె పూజ'. ఆ రోజు గుడి దగ్గర శిష్యులకు మొదటిసారి గజ్జెలు కట్టిస్తారు.

"దసరాకు మా ఊళ్ల గజ్జె పూజ ఉండాది. పదారు మంది ఆడపిల్లోల్లు. నాలుగు నెల్లు నేర్పినా," అన్నాడు ఈరన్న. "ఆ దినం గుడి కాన్నుంచి బడి బయలు దాంక గురువు ముందర నడుస్తా దళాన్ని తీస్కపోవాల. నూరడుగులు ఉంటాది. నేను నడవలేకపోతే ఇంగో గురువును పిలుస్తారంట. నేర్పింది నేను, నడిపిచ్చేది ఇంగొకడా?"

"కుర్చీల కూసోబెట్టి మోస్తామంటే ఇనడు మేడం," అన్నాడు మద్దిలేటి.

"కుర్చీల పోయేది పెండ్లికొడుకురా. గురువు గాదు."

దసరాకు ఇంకా ఆరు వారాలు పైనే ఉంది. వారానికి రెండు చొప్పున పన్నెండు సెషన్లు అన్నాను. కీబోర్డు తుడుస్తూ ఫీజు కూడా చెప్పాను. "పాటకు దుడ్లా?" అని మద్దిలేటి నోరు తెరిచాడు. ఈరన్న కొడుకు వైపు ఒక్క చూపు చూశాడు. ఆ నోరు మూతపడింది.

మొదటి సెషన్లో ఈరన్న నిమిషానికి ఎన్ని అడుగులు వేస్తున్నాడో లెక్కపెట్టాను. దీన్ని 'కేడెన్స్' అంటారు. చిన్న చిన్న అడుగులతో, జారుతున్నట్టుగా, గది సగం దాటాడు. ఇక ఆ వేగానికి సరిపడా టిక్కుటిక్కుమంటూ లయ చెప్పే మెట్రోనోమ్ పెట్టాను. టిక్, టిక్, టిక్. ఈరన్న ఠక్కున ఆగిపోయాడు. ఆపితే కాసేపటికి కదిలాడు. పెడితే ఆగాడు. కొత్త కదా, అలవాటవుతుంది అనుకున్నాను. రెండో సెషన్లో డోలక్కు వాయించాను. ఆగాడు. మూడో సెషన్లో కీబోర్డు మీద ఆయనకు నచ్చిన వరస పట్టాను. ఆగి, కళ్లు మూసుకుని తల ఊపాడు. అడుగు మాత్రం పడలేదు.

నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లని నమ్మే మనిషిని. లోపం లయలో లేదు, వాయిద్యంలో ఉందని తేల్చేశాను. ఆయన ఊపిరంతా చెక్కభజన అయితే మెట్రోనోమ్ ఎవరికి కావాలి? మద్దిలేటికి ఫోన్ చేసి, ఆడపిల్లల సాధన మొత్తం సెల్లులో రికార్డు చేయించాను. నాలుగో సెషన్ నాటి పొద్దున నాకు కాఫీ కూడా దిగలేదు, అంత ఆత్రం. స్పీకరు పెట్టి, ఆ చెక్కల మోత గది నిండా వదిలాను.

ఈరన్న వెన్ను నిటారుగా లేచింది. ముఖం వెలిగిపోయింది. కుడి చేయి తొడ మీద తాళం వేసింది, ఎంత కచ్చితంగా అంటే నా చేయి సిగ్గుపడాలి. కాళ్లు మాత్రం పాతిపెట్టిన గుంజల్లా నిలబడ్డాయి. ఒక్క అంగుళం కదల్లేదు. ఐదో సెషనూ అంతే, ఆరో సెషనూ అంతే.

ఆరో రోజు మద్దిలేటి లేచి నిలబడ్డాడు. "మూడు వేలు అయినాయి మేడం. ఈ పొద్దు మార్కెట్ల టమాటా అడిగేటోడు ల్యాడు. పాట ఇని నిలబడుకునేదానికైతే నాయన ఇంట్ల సెల్లు పెట్టుకొని గూడా నిలబడతాడు."

ఆ మాట నాకు సూటిగా తగిలింది. కోపం వచ్చింది, అది అతని మీద కాదు. తొందర తొందరగా అనేశాను, "మిగతా ఆరూ ఊరికే చేస్తానప్పా. డబ్బు వద్దు."

"ఊరికేనా?" అని ఈరన్న గట్టిగా అరిచాడు. జబ్బుతో గొంతు పీలగా అయిపోయిన మనిషి అంత గట్టిగా మాట్లాడగా నేను వినలేదు. "ఏమ్మా, నీ ఇద్దె నీకు అంత లోకువా? నేను మొదట భజన నేర్పిన ఊళ్ల దుడ్లొద్దన్యా. దేవుని పని గదా అని. ఏమైంది? ఈ దినం వొచ్చినోడు రేపు రాడు. పది దినాలకు దళం చెదిరిపాయ. మా గురువు నన్ను తిట్టినాడు. ఇంటికి మానెడు జొన్నలన్నా అడగరా, అడగకపోతే నీ అడుక్కు ఇలువ యాడ ఉంటాదిరా అని. ఊరికే నేర్సుకునిన అడుగు కాల్లో నిలవదమ్మా."

మద్దిలేటి గోడ చూస్తున్నాడు. ఆ మాట తప్పించుకోవడానికి నేనే ఈరన్న గుడ్డసంచిలోంచి చెక్కలు తీసి, మూడు సెషన్లుగా స్పీకర్లో విన్న అడుగు వేయబోయాను. చేత్తో ఏ తాళమైనా తప్పకుండా వేస్తాను. కాళ్లతో వేయడం వేరని ఆ క్షణంలోనే తెలిసింది. చెక్క ఒకటంటే కాలు ఇంకొకటి అంటుంది.

"ఏందమ్మా అది!" ఈరన్న ముఖం చిట్లించాడు. "ఎడమ కాలు ముందర."

"చెక్కలు వదులుగా ఉన్నాయి."

"ఆడలేక మద్దెల ఓడనిందంట ఎవుర్తో. చెక్కలు బాగుండాయి. సుట్టూ తిరుగుతా ఎయ్యి."

గుండ్రంగా తిరుగుతూ వేశాను. నడుమ ఆయన నిలబడి తాళం వేస్తున్నాడు, కదలకుండా. ఒక్కసారిగా నాకు అనుమానం వచ్చింది. "గురువుగారూ, మీరు ఎందుకు కదలడం లేదు?"

"లయ పడినాక గురువు యాడ కదుల్తాడమ్మా?" అన్నాడు, ఇది కూడా తెలియదా అన్నట్టు. "గురువు నడిమిట్ల నిలబడాల. సుట్టూ తిరిగేది శిష్యులు. నేను జరిగితే ఆటంతా చెడుతాది. నలభై ఏండ్లుగా అంతే."

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అది నా గురించే. మూడు వారాలుగా ఆయనకు 'నిలబడు' అని చెప్పే సైగనే చెవిలో మోగించి, ఎందుకు నడవవు అని అడుగుతున్నాను! జబ్బు సగం అడ్డం పడితే, మిగతా సగం నేనే అడ్డం పడ్డాను. నలభై ఏళ్ల అలవాటు నా మాట అక్షరాలా వింది.

"ఈ మాట మొదటి రోజే చెప్పొచ్చు కదా!" అన్నాను, నవ్వూ ఏడుపూ కలిసిపోయి.

"నువ్వు అడిగితే గదా. బాగా వాయిస్తాండావే అని ఇనుకుంటా ఉన్యా."

"మరి గురువు ఎప్పుడూ కదలడా?"

"గజ్జె పూజ దినం ఒక్కటే ముందర నడుస్తాడు. మిగతా దినాలు మొద్దు శిష్యుడు దొరికితే కదుల్తాడు. ముందర నడిసి సూపియ్యాల గదా."

"అయితే ఇవాళ దొరికింది," అని మళ్లీ అడుగు వేశాను. నిజంగానే తప్పు పడింది. ఇంకోటి వేశాను, అదీ తప్పే. ఈరన్న పళ్లు కొరికాడు. "ఇట్ల గాదు! నా కాలు సూడు!" అంటూ నడుమ నుంచి బయటికి వచ్చాడు. ఒకటి, రెండు, మూడు, మళ్లీ ఒకటి. నోటితో తానే అడుగు చెబుతూ, పాదం పూర్తిగా ఎత్తి, అద్దం దాకా నడిచాడు. అద్దం దగ్గర తిరిగాడు. తిరిగి నా దాకా వచ్చాడు. నేను లెక్కపెడుతున్నాను. పద్దెనిమిది అడుగులు!

మద్దిలేటి నోరు తెరుచుకుని నిలబడ్డాడు. "నాయనా, నడుస్తాండావు."

"నేర్పుతాండా," అన్నాడు ఈరన్న విసుగ్గా. "నడిమిట్ల మాట్లాడొద్దు."

నేను మాత్రం ఆపుకోలేక చప్పట్లు కొట్టాను. నా పదేళ్ల సంగీతంలో అంత సంతోషం నాకు ఏ కచేరీ ఇవ్వలేదు. మద్దిలేటి ఆ తర్వాత ఫీజు మాట ఎత్తలేదు. ప్రతి సెషన్‌కూ ఐదు వందలు తెచ్చి కీబోర్డు మీద పెట్టేవాడు. వద్దనే ధైర్యం నాకూ లేదు.

మిగిలిన సెషన్లలో పాత్రలు మారిపోయాయి. మెట్రోనోమ్ బీరువాలోకి పోయింది. లయ ఆయన నోటి నుంచే రావాలి, నేను శిష్యురాలిగా వెనక నడవాలి. ఆయన నోట 'అమ్మా' పోయి 'ఏమే' వచ్చింది. నా వేళ్లు బొబ్బలెక్కాయి. గుమ్మం దగ్గర మాత్రం ఆయన ఇంకా ఆగిపోయేవాడు. గమనించి చూస్తే, అక్కడికి రాగానే భయంతో ముందు నోరు ఆగుతోంది, ఆ తర్వాత కాలు ఆగుతోంది. అందుకని గుమ్మానికి నాలుగడుగుల ముందే గట్టిగా అడుగు చెప్పడం మొదలుపెట్టి, చెబుతూనే దాటడం సాధన చేశాం. కింద ఫిజియోథెరపీ వాళ్లు మెట్లెక్కి వచ్చి తమాషా చూసేవాళ్లు.

అన్ని రోజులూ ఒక్కలా లేవు. పదో సెషన్లో ఏడడుగులు వేసి ఆగిపోయాడు, చేతులు కూడా వణికాయి. మందు ప్రభావం దిగిపోయే వేళకు వచ్చారని తెలిసింది. డాక్టరును అడిగి మాత్ర వేసుకునే సమయాన్ని బట్టి సెషన్ వేళ మార్చుకున్నాం. పాట జబ్బును తీసేయదు. జబ్బు వదిలిపెట్టిన కాస్త చోటులో మనిషిని నడిపిస్తుంది. అది చాలు, నూరడుగులకు.

దసరా నాడు పొద్దున్నే నేను పల్లె చేరాను. గుడి ముందు పదహారు మంది ఆడపిల్లలు, పసుపు చీరలు, కాళ్లకు కొత్త గజ్జెలు. "నువ్వు గూడా కట్టుకో," అని ఈరన్న నా చేతికి ఒక జత ఇచ్చాడు. వరసలో ఆఖరున పదిహేడో దాన్ని నేను. ఊరంతా అక్కడే ఉంది. పక్క ఊరి గురువు కూడా వచ్చి ఒక పక్కన నిలబడ్డాడు, అవసరమైతే అని.

ఈరన్న గుడి గుమ్మం దాటాడు, నోటితో అడుగు చెబుతూ, మేము సాధన చేసినట్టే. పిల్లల ముందుకు వచ్చి నిలబడ్డాడు. డోలక్కు మొదలైంది. పదహారు జతల చెక్కలు ఒక్కసారి మోగాయి.

ఈరన్న ఆగిపోయాడు.

వెన్ను నిటారుగా, చేయి తొడ మీద. ఇంత పెద్ద లయ, ఇంతమంది శిష్యులు, ఆయన ఒళ్లు మళ్లీ నడుమకు వెళ్లిపోయింది. పిల్లలు అడుగు కదపలేక ఉన్నచోటే చెక్కలు కొడుతున్నారు. పక్క ఊరి గురువు కండువా సర్దుకున్నాడు. మద్దిలేటి నా వైపు చూశాడు.

కావాలనే తప్పు వేశానని రాసుకోవాలని నాకూ ఉంది. నిజం చెబుతున్నాను, భయంతో తప్పింది. పదహారు చెక్కలు ఒక చోట, నా చెక్క ఇంకో చోట, ఊరంతా వినేట్టు మోగింది.

ఈరన్న తల గిర్రున తిరిగింది. "ఎవుర్తే అది! ఎడమ కాలు! నా కాలు సూడు!"

ఎడమ కాలు లేచింది. ఒకటి, రెండు, మూడు. నన్ను తిడుతూ, అడుగు చెబుతూ, ముందుకు సాగాడు. వెనక పదహారు మంది గజ్జెలు ఘల్లుమన్నాయి. మద్దిలేటి పక్కనే నడుస్తూ పైకే లెక్కపెట్టాడు. బడి బయలు చేరేసరికి నూట పన్నెండు. అక్కడ ఈరన్న నడుమకు వెళ్లి నిలబడ్డాడు, ఈసారి తన ఇష్టప్రకారం. పిల్లలు చుట్టూ తిరిగారు. నేను కూడా తిరిగాను, కళ్లు తుడుచుకుంటూ, తప్పులు వేస్తూ.

ఆట అయ్యాక దక్షిణ. ఒక్కొక్క పిల్లా వచ్చి పళ్లెంలో తమలపాకు, వక్క, టెంకాయ, దుడ్లు పెట్టి కాళ్లకు మొక్కింది. నా వంతు రాగానే నూట పదహారు రూపాయలు పెట్టాను. ఈరన్న పళ్లెం చూశాడు, నన్ను చూశాడు.

"నీ సెషన్ ఎంత?"

"ఐదు వందలు."

"నాది అగ్గువనా?"

చుట్టూ ఉన్నవాళ్లంతా గొల్లున నవ్వారు. నేను నూట పదహారు వెనక్కి తీసి, ఐదు వందల నోటు పెట్టి, ఆయన పాదాలు ముట్టుకున్నాను. ఆ పాదాలు అప్పుడు కూడా సన్నగా వణుకుతున్నాయి.

ఆ కేసు తర్వాత నేను మొదటి రోజు అడిగే ప్రశ్న మారింది. "మీకు ఏ పాట ఇష్టం?" అని కాదు, "పాట మొదలైతే మీరేం చేస్తారు?" అని అడుగుతున్నాను. ఒకరు వంట చేస్తానంటారు, ఒకరు నిద్రపోతానంటారు, ఒకరు పక్కవాళ్లను కూర్చోబెడతానంటారు. అక్కడి నుంచే నా పని మొదలవుతుంది.

మొన్న ఆదోని నుంచి ఒకాయన తల్లిని తీసుకొచ్చాడు. ఫీజు వినగానే, "పాటకు గూడా దుడ్లా మేడం?" అన్నాడు. నేను కీబోర్డు తుడవలేదు. ఆయన ముఖంలోకి చూసి చెప్పాను: "అవునప్పా, ఐదు వందలు. నేను కూడా ఇచ్చే నేర్చుకున్నాను."